అరవై మిల్లీఓములు

నార్పల నుంచి కుళ్ళాయప్ప
తువ్వాల్లో మూటగట్టి తెచ్చినాడు
డ్రిప్పు వాల్వులు తిప్పే బోర్డు.
"మూడు లైన్లు ఇడుస్తాది పాపా,
నాలుగోదానికి సచ్చిపోతాది,
మళ్ళా దానికదే లేస్తాది.
చీనీ చెట్లు పిందె మీద ఉండాయి."

అనంతపురం, గుత్తి రోడ్డు, మా రేకుల అంగడి.
మే నెల, పదకొండుకే
స్క్రూడ్రైవరు పిడి అరచేతికి అంటుకుంటాంది.

మూత తీస్తే దొరికిపోయింది:
రెగ్యులేటరు వెనక నిలబడే కెపాసిటరు,
నెత్తి ఉబ్బి, పగిలి,
కారి ఆరిన గోధుమరంగు చార.
ఇరవైనాలుగు వోల్టులను
సెకనుకు యాభై వేలసార్లు తరిగి
ఐదు చేస్తుంది ఆ చిప్పు.
తరిగిన ముక్కలు కనపడకుండా
ఒక్క ధార చేసి ఇవ్వడం దీని పని.
గట్టు మీది ఇనప డబ్బాలో
మూడు ఎండాకాలాలు చేసింది,
లోపలి తడి ఆవిరయ్యేదాకా.

అక్కడ నాకు తెలివి ఎక్కువైంది.
అగ్గిపెట్టెలోంచి
నువ్వుగింజలంత సిరామిక్కులు రెండు తీసినాను.
ఆరడానికి తడి లేదు, ఉబ్బడానికి నెత్తి లేదు,
లోపల అడ్డు దాదాపు సున్నా.
ఇంతకంటే మంచి సరుకు యాడుంది?
టంకం చల్లారకముందే కరెంటిచ్చినాను.

కీచుమంది బోర్డు.
స్కోపు తెర మీద ఐదు వోల్టుల గీత
కాడి ఎరగని కోడె మెడలా
అటు విదిలించి, ఇటు విదిలించి
ఎంతసేపటికీ నిలబడలేదు.

ఉగ్గాని పొట్లం పక్కన పెట్టి
హుసేన్ పీరా వంగి చూసినాడు,
ఆపరేషనైన కన్ను నాకేసి, రెండోది తెర కేసి.
"సీటీలో ఇరవైరెండు అని రాసుంటాది అక్కులమ్మా.
ఐదు వోల్టులు మీద పడినాక తూచి చూడు,
పదకొండుకు దిగిపోతాది.
పోనీ అది సర్దుకోవచ్చు.
ఈ చిప్పు పాతకాలంది.
కొంచెం ఎదురు చెప్పేవాడు ఉంటేనే
దీనికి ఎంత దూకాల్నో తెలుస్తాది.
నువ్వేమో నోరే లేనోణ్ణి తెచ్చి నిలబెట్టినావు."

"మరి ఎండిపోయినోడో?"

"వాడు అన్నిటికీ అడ్డమే. చూసినావు కదా."

అంతే. మళ్ళా పొట్లం విప్పుకున్నాడు.

డబ్బా బోర్లించి మీటరు పట్టుకుని కూర్చున్నాను.
ఒకటి రెండు ఓములు చూపింది, అవతల పారేసినాను.
ఒకటి పద్దెనిమిది మిల్లీఓములు,
పొద్దున్నయితే దాన్నే ఎత్తుకునేదాన్ని.
ఒకటి మంచిదే గానీ
ఎనభై అయిదు డిగ్రీల దాకానే ఓర్చుకుంటుందట,
నార్పల ఎండలో దాని బతుకెంత?
గంట గడిచింది.
కుళ్ళాయప్ప రెండుసార్లు బయటికిపోయి బీడీ తాగొచ్చినాడు.
చివరికి బరువైంది ఒకటి దొరికింది:
నూట అయిదు డిగ్రీలు, వెయ్యి మైక్రోఫారడ్లు,
మీటరు మీద అరవై.

కాళ్ళు కురచగా కత్తిరించి
చిప్పుకు దగ్గరగా కూర్చోబెట్టినాను.
నాలుగు వాల్వుల బరువూ ఒక్కసారే వేసినాను.
గీత ఒక్క గుటక మింగింది,
లేచింది,
పడుకుంది.
కీచు లేదు. అంగట్లో ఫ్యాను చప్పుడు వినపడింది.

"ఇంగ పర్మనెంటేనా?" అన్నాడు కుళ్ళాయప్ప.
"డబ్బాను నీడకు మార్చు. అయిదేండ్లకు మళ్ళా రా."
వాడి మొహం కొంచెం చిన్నబోయింది,
అబద్ధం చెప్పుంటే రెండొందలు ఎక్కువిచ్చేవాడేమో.

పీకేసిన సిరామిక్కులను పారెయ్యలేదు.
వాటి నిదానానికి సరిపడే కొత్త చిప్పు
ఏదో ఒక దినం ఈ బల్ల మీదికి వస్తాది.
అగ్గిపెట్టెలో వేయబోతే ఒక్కటే ఉంది.
రెండోది సాయంత్రం
హుసేన్ పీరా మడిచిపెట్టిన ఉగ్గాని కాగితం మీద,
ఆవగింజ పక్కన మెరిసింది.